కారు టాపు మీది తడి గోనెపట్టాలు

నా చిన్నప్పుడు మా ఊరి పెద్దింటివాళ్ళు మా మేనత్త మీద మోపిన నేరం అబద్ధం. వాళ్ళ పట్టుపురుగులు ఆమె ముట్టు వల్ల చావలేదు. ఆ ఇంటి యజమాని తన కారు టాపుకు పూయించిన మందు వల్ల చచ్చాయి. ఈ మాట నేను ఆ రోజే, అందరి ఎదుటా చెప్పాను. చెప్పినందుకు చెంపదెబ్బ తిన్నాను. ఇప్పుడు నాకు మోకాళ్ళు సరిగా పనిచేయవు గాని నోరు పనిచేస్తుంది. అందుకని మళ్ళీ చెబుతున్నాను, ఈసారి రాసి.

మాది కన్నడసీమలో శిడ్లఘట్టకూ చింతామణికీ మధ్య ఒక తెలుగు పల్లె. పేరు రాయను. ఆ ఇంటి మనవలు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళు పుట్టకముందు జరిగినదానికి వాళ్ళ మొహం మీద బురద చల్లడం నా ఉద్దేశం కాదు. ఊళ్ళో రాగి, చెనిక్కాయ, అంటే వేరుశెనగ, పండించని ఇల్లు లేదు. బావిలో నీళ్ళున్న వాళ్ళు మాత్రం ఒక చెక్క మల్బరీ వేసి పురుగులు మేపేవాళ్ళు. పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయిన రోజు ఇంట్లో పండగ. పురుగులు చచ్చిన రోజు ఇంట్లో శవం లేచినంత దుఃఖం. మా బతుకులు ఆ రెండింటి మధ్యా ఊగుతూ ఉండేవి.

మా మేనత్త మా నాయనకు అక్క. పెళ్ళయిన కొత్తలోనే మామ పోతే మా ఇంటికి వచ్చేసింది. ఊరంతటికీ ఆమెది పురుగుల చెయ్యి. గుడ్లు పగిలి చీమ తలంత పురుగులు బయటికి రాగానే ఎవరింట్లోనైనా ఆమెను పిలిచేవాళ్ళు. కోడి ఈకతో ఆ నల్లటి నలుసులను లేత ఆకు మీదికి దించడం ఆమె చేస్తేనే పంట బాగుంటుందని నమ్మకం. ఆ నమ్మకంలో ఎంత నిజముందో నాకు తెలియదు. ఆమె శుభ్రం మాత్రం నిజం. పురుగుల ఇంట్లోకి నస్యం పీల్చేవాణ్ణి రానిచ్చేది కాదు. మల్లెపూలు పెట్టుకున్నవాళ్ళను గడపలోనే ఆపేది. మా నాయన బీడీ ముట్టించి ఆ వైపు నడిచాడంటే చీపురు చేతికి తీసుకునేది. నాయన దూరం నుంచే, "నేను నీ తమ్మున్నేనక్కా, దొంగోణ్ణి కాదు" అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. పురుగుకు ముక్కు మనకంటే పెద్దదని ఆమె అనేది.

ఎక్కువ కాలం ఆమె పనిచేసింది పెద్దింట్లోనే. వాళ్ళకు పురుగుల కోసమే ప్రత్యేకంగా కట్టిన పొడుగాటి ఇల్లుండేది. దాని పక్కనే ఆకు గది. కోసుకొచ్చిన ఆకు వాడిపోకుండా కుప్ప మీద తడి గోనెపట్టాలు కప్పి ఉంచేవాళ్ళు. మల్బరీ ఆకు వాడితే పురుగు తినదు. ఎండాకాలంలో ఆ పట్టాలను పూటకోసారి తొట్టిలో ముంచి పిండి మళ్ళీ పరవడం పిల్లల పని. ఆ ఇంటి చిన్నకొడుకు, నేను ఒక ఈడు వాళ్ళం. ఒకే బడి, ఒకే బెంచీ. కాబట్టి ఆ పని మా ఇద్దరిదీ.

ఇక కారు సంగతి. యజమాని బెంగళూరులో ఎవరి దగ్గరో పాత కారు ఒకటి కొన్నాడు. పైకప్పు ఇనుముది కాదు, గుడ్డది. తీసి వెనక్కి మడిచేస్తే లోపలి మనుషులు ఊరందరికీ కనబడతారు. ఆయనకు కావలసింది అదే. పాత గుడ్డ చినిగిపోయి ఉంటే దాన్ని పీకించి నల్లటి రెక్సిన్ టాపు వేయించాడు. ఇప్పటి పిల్లలు దాన్నే వినైల్ అంటారు. కొత్తలో అది ఎంత నిగనిగలాడేదంటే, మేము దాంట్లో మొహం చూసుకొని నాలుక బయటపెట్టి ఎక్కిరించుకునేవాళ్ళం. బాగేపల్లిలో ఆయన చెల్లెలి కొడుకు పెళ్ళి కుదిరింది. టాపు వెనక్కి మడిచి, పెళ్ళికొడుకును ఆ కారులో నిలబెట్టి ఊరేగించాలని ఆయన పంతం. ఆ మాట చుట్టూ పది పల్లెలకు చెప్పుకొన్నాడు.

మా వైపు ఎండలు ఎట్లా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. కారు నిలపడానికి నీడ లేదు, షెడ్డు ఇంకా కట్టలేదు. నెల తిరగకుండానే టాపు బిరుసెక్కింది, మడతల దగ్గర సన్నటి పగుళ్ళు కనబడ్డాయి. అప్పుడు ఆయనకు తోచిన ఉపాయం వింటే ఈనాడు నవ్వు రావచ్చు. అప్పుడు ఎవరికీ రాలేదు. ఎండకు వాడకుండా ఆకును కాపాడేది తడి గోనెపట్టా అయితే, టాపునూ అదే కాపాడుతుంది కదా అనుకున్నాడు. పుట్టింది మొదలు ఆకు గది చూస్తూ పెరిగిన మనిషికి ఇంకేం తోస్తుంది? ఆకు గది నుంచి కొన్ని పట్టాలు తెప్పించి తడిపి టాపు నిండా పరిపించాడు. ఊళ్ళో అందరూ తెలివైన పని అన్నారు. మా అత్త ఒక్కతే, ఆకు మీద కప్పే పట్టాలు ఆకు మీదనే ఉండాలని అన్నది. ఆయన ఆమె వైపు చూడను కూడా లేదు.

తడి పట్టాల కింద రెక్సిన్ ఊపిరాడక మగ్గింది. కుట్ల వెంట నల్లటి బూజు మచ్చలు లేచాయి. లోపలి వైపు అస్తరులోకి చీమలు చేరి గుడ్లు పెట్టాయి. కారులో కూర్చుంటే పాత నూతి వాసన. పెళ్ళి దగ్గర పడుతోంది. ఆయన చింతామణి సంత నుంచి చెనిక్కాయ చేలకు చల్లే పొడిమందు తెచ్చి, కిరసనాయిలులో కలిపి, పాత పంచె ముక్కతో టాపంతా రుద్దించాడు. మడతల్లోకి, కుట్లలోకి పొడి విడిగా చల్లించాడు. చీమలు చచ్చాయి. కిరసనాయిలుకు టాపు మళ్ళీ నల్లగా మెరిసింది. ఆయన దాని చుట్టూ తిరిగి చూసుకొని మీసం సవరించుకున్నాడు. ఆ తరవాత ఎండకు భయపడి మళ్ళీ అవే గోనెపట్టాలు తడిపి దాని మీద పరిపించాడు.

ఇక్కడిదాకా ఎవరిదీ పెద్ద తప్పు కాదు. తెలియనితనం. తెలియనితనాన్ని నేను ఎప్పుడూ తిట్టను, నేనూ దాంట్లోంచి వచ్చినవాణ్ణే.

పురుగులు అప్పటికి నాలుగో జ్వరం లేచాయి. పురుగు పొర విడిచే ముందు తినడం మాని తల ఎత్తుకొని పడుకోవడాన్ని మా వైపు జ్వరమంటారు. నాలుగోది లేచాక దాని ఆకలికి అంతుండదు. తలుపు తీసి లోపలికి పోతే వేలవేల నోళ్ళు ఆకు కొరికే చప్పుడు, పెంకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. ఇంకొన్ని రోజుల్లో పండి గూడు కట్టేవి. ఆ పంట మీదే ఆయన పెట్టుకుంటానన్న పెళ్ళి ఖర్చు నడవాలి.

ఆ రోజు పొద్దున్నుంచే వడగాలి. అత్త కూలివాళ్ళతో మల్బరీ తోటకు ఆకు కోయడానికి పోయింది. పురుగుల ఇంట్లో ఆ ఇంటి పెద్దకోడలు ఒక్కతే ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పని ఇంకా నేర్చుకుంటోంది. యజమాని బావి దగ్గర నుంచి వస్తూ ఆకు గదిలోకి తొంగి చూసి, కుప్ప పక్కలంతా వాడిపోతున్నదని మా ఇద్దరినీ కేకేశాడు. కారు మీది పట్టాలు తెచ్చి తడిపి ఆకు మీద కప్పమన్నాడు. చెప్పింది ఆయనే. నా చెవులతో విన్నాను. మేమిద్దరం చెరొక పక్క పట్టుకొని ఈడ్చుకొచ్చాం, తొట్టిలో ముంచాం, ఆకు మీద పరిచాం. చేతులు కిరసనాయిలు కంపు కొట్టాయి. ఆ ఇంటి కొడుకు తన చేతులు నా చొక్కాకు తుడిచి పరిగెత్తాడు. నేను వాడి వెంటబడ్డాను. మధ్యాహ్నం మేత ఆ కోడలు ఆ కుప్పలోంచే తీసి వేసింది.

పొద్దు వాలుతుండగా అత్త తోట నుంచి వచ్చింది. నేను ఆమె వెనకే పురుగుల ఇంట్లోకి పోయాను. ఆమె గడపలోనే నిలిచిపోయింది. వాన చప్పుడు లేదు. అంత పెద్ద ఇంట్లో ఏ చప్పుడూ లేదు. తట్టల్లో పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, కొన్ని మెలికలు తిరిగి ఆకుపచ్చ నీళ్ళు కక్కుకుంటున్నాయి, కొన్ని అప్పటికే కుంచించుకుపోయి పడి ఉన్నాయి. కోడలు ఒక మూలకు ఒదిగి నిలబడి ఉంది. అత్త ఆ పిల్లను ఏమీ అనలేదు. నేరుగా ఆకు గదిలోకి పోయి, గోనెపట్టా ఎత్తి వాసన చూసి, ఎత్తినదాన్ని ఎత్తినట్టే మళ్ళీ కింద పెట్టింది. ఆమె మొహం నేను చూశాను. ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

మరునాటి పొద్దున్నకు ఇంట్లో బతికిన పురుగు లేదు. ఊరు ఊరంతా పెద్దింటి ముందు చేరింది. అప్పట్లో పురుగులు చస్తే జనానికి రెండే కారణాలు తెలుసు. ఒకటి రోగం, రెండోది ముట్టయిన ఆడమనిషి లోపలికి పోవడం. రోగమైతే పాలు కారినట్టు కారాలి, లేదా సున్నం పట్టినట్టు తెల్లబడాలి. అవి రెండూ లేవు. కాబట్టి మిగిలింది ఆడమనిషి. నిన్న లోపల తిరిగిన ఆడవాళ్ళు ఎవరని ఎవరో అడిగారు. యజమాని తన కోడలి పేరు ఎత్తలేదు. అరుగు మీద కూర్చొని, కింద నిలబడిన మా అత్తను అడిగాడు.

"ముట్టు పెట్టుకొని లోపలికి పోయినావా?"

అంతమంది మగవాళ్ళ ముందు. అత్త తల వంచుకొని నిలబడింది. నాకు ఆ ప్రశ్నకు అర్థం సరిగా తెలియదు గాని, అది మా అత్తను బట్టలు విప్పి నిలబెట్టడం లాంటిదని మాత్రం తెలిసింది. నేను జనంలోంచి తోసుకొని ముందుకు వచ్చి చెప్పేశాను. పట్టాలకు కారు మందు అంటుకుందని, అవి తెచ్చి ఆకు మీద కప్పింది మేమిద్దరమేనని, మీరు చెబితేనే తెచ్చామని. ఒక్క మాట వదల్లేదు.

ఎవరూ ఆకు గదిలోకి పోయి చూడలేదు గాని, అందరూ ఒక్క క్షణం కారు వైపు చూశారు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. నిజం అక్కడ ఒక్క నిమిషం నిలబడింది. ఎవరైనా ఒకరు దాని చేయి పట్టుకుంటే చాలు, నడిచి వచ్చేసేది.

యజమాని తన కొడుకును పిలిచి, పట్టాలు కారు మీది నుంచి ఎవరు తెచ్చారని అడిగాడు. వాడు నన్ను చూశాడు. తరవాత వాళ్ళ నాయన కాళ్ళ వైపు చూశాడు.

"ఎవురూ తేలేదు నాయనా. కారు మీదనే ఉండె."

నా చెంప పగిలింది. కొట్టింది మా నాయనే. ఆయన పెద్దింటివాళ్ళ పొలమే కోరుకు, పండినదాంట్లో వాళ్ళకు పాలు ఇచ్చే లెక్కన, చేస్తున్నాడు. నేను పెద్దయ్యాక ఆ దెబ్బను అర్థం చేసుకున్నాను గాని, ఒప్పుకోలేదు. మళ్ళీ నోరు తెరవబోతుంటే అత్త నా భుజం మీద చెయ్యి వేసి వెనక్కి లాగింది. అప్పుడు మాట్లాడింది.

"పిల్లోళ్ళను ఇడిసిపెట్టండప్పా. నా వల్లే అయింది."

జనం ఊపిరి వదిలారు. కారణం దొరికింది. అందరూ ఎవరి పనికి వాళ్ళు పోయారు. చచ్చిన పురుగులను తట్టలకు తట్టలు గుంటలో పోసి సున్నం చల్లారు. మా నాయన నన్ను రెక్క పట్టుకొని ఇంటికి ఈడ్చుకుపోయాడు. పెళ్ళి ఆగలేదు. పెద్దింటాయన బంధువుల దగ్గర చేబదులు తెచ్చి జరిపించాడు. బాగేపల్లిలో టాపు వెనక్కి మడిచి పెళ్ళికొడుకును ఊరేగించారట, మేము పోలేదు.

ఆ రోజు మునిమాపున పొయ్యి దగ్గర మా అమ్మ, అత్త మాట్లాడుకోవడం విన్నాను. మా అమ్మ ఏడుస్తూ అడిగింది. "నీకు ఆగిపోయి ఏండ్లయింది గదా వదినా. ఆ ఒక్క మాట యాల చెప్పలేదు?"

అత్త పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ చెప్పింది. "చెప్తే? ఇంగ లోపల ఉండింది ఆ కోడలు పిల్లొకటే. నేను కాదంటే దాని పేరు చెప్తారు. పుట్టింటికి తోలేస్తారు. నన్ను యాడికి తోల్తారు, నేను తోలేసినంక వచ్చే చోటనే ఉండా."

పక్కన నేనున్నానని ఆమెకు తెలుసు. కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి చెంప తడిమి చూసింది. నేను పెద్దింటి కొడుకును కొడతానని, వాడి పుస్తకాలు చింపుతానని అన్నాను. ఆమె మెల్లగా, నాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

"ఇప్పుడేమీ అడగద్దు. ఆ పిల్ల ఆ ఇంట్లో కుదురుకోనీ. ఆనక ఎవురు చూసినారో వాళ్ళనే అడుగు. ఊరికే అరిస్తే ఎవురూ ఇనరు. వాళ్ళనే అడుగు, చెప్పేదాకా అడుగు."

నాకు బడిలో ఎవరూ చెప్పని పాఠం అది. ఒక నేరానికి ఒక ఆడమనిషి కావలసి వచ్చినప్పుడు, ఒకామె తప్పుకుంటే పక్కనున్న ఇంకొకామెను లాగుతారని ఆ పూట పొయ్యి ముందు నేర్చుకున్నాను. అన్యాయం చేసినవాడు మరిచిపోవచ్చు గాని, చూసినవాడు మరిచిపోలేడని కూడా.

తరవాత జరిగింది చెప్పాలి. ఏ ఇంటివాళ్ళూ అత్తను పురుగుల దగ్గరికి పిలవలేదు. కోడి ఈక పట్టుకొని ఆమె వచ్చేదాకా గుడ్లు పగలకూడదన్నట్టు ఎదురుచూసిన ఇళ్ళే, ఆమె వీధిలో పోతుంటే పురుగుల ఇంటి తలుపు దగ్గరగా వేసుకునేవి. ఆమె శిడ్లఘట్ట పోయి దారం తీసే చోట చేరింది. ఉడుకు నీళ్ళ తొట్టిలో మరుగుతున్న గూళ్ళలోంచి చేత్తో దారం కొస వెతికి పట్టే పని. చేతులు ఎప్పుడూ తడిలోనే. వేళ్ళ సందులు ఒరిసిపోయి, గోళ్ళు ఊడి, అన్నం కలుపుకోవడానికి చెంచా కావలసి వచ్చేది. పురుగులను పెంచి పెద్ద చేసిన చేతులు వాటిని ఉడకబెట్టే పనిలో పాడైపోయాయి. నేను కాలేజీ చదువు పూర్తి చేయకముందే ఆమె పోయిందని రాద్దామంటే, నేను కాలేజీ గడప తొక్కలేదు. నా పుస్తకాలు, బట్టలు అన్నీ ఆమె సంపాదన మీదే నడిచేవి. అది ఆగిన ఏడే నా బడి ఆగింది. ఆమె పోయినప్పుడు నాకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఆమెను మట్టిలోకి దించిన రోజు పెద్దింటి నుంచి ఒక్కరూ రాలేదు, ఆ కోడలు తప్ప. ఆమె దూరంగా నిలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చి వెళ్ళిపోయింది.

నేను చింతామణిలో సీట్లు, టాపులు కుట్టే అంగట్లో చేరాను. ఏ పని దొరికినా చేసేవాణ్ణే గాని ఆ పని దొరకడం విచిత్రమని అనుకోకండి. లారీలు, జీపులు, ఆటోలు తిరిగే ఊళ్ళో రెక్సిన్ పనికి మనుషులు ఎప్పుడూ కావాలి. బడిలో నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు నేనే పొట్లాలు కట్టిన పాత పేపర్లు చూసి కూడబలుక్కున్నాను. ఆ పనిలో ఏళ్ళు గడిచేకొద్దీ నాకు కోపం తగ్గవలసింది పోయి పెరిగింది. ఎందుకంటే ఆ టాపును కాపాడుకోవడం ఎంత చిన్న పనో తెలిసివచ్చింది.

రెక్సిన్‌కు కావలసింది నీడ. తడి కాదు. ముందు మామూలు నీళ్ళతో దుమ్ము పోయేట్టు కడగాలి. దుమ్ము మీదనే రుద్దితే గీతలు పడతాయి. తరవాత కుంకుడు నురగో, తలకు పోసుకునే షాంపూ కొంచెమో నీళ్ళలో కలిపి, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి, కుట్ల వెంట నిదానంగా తోమాలి. నురగ ఒక్క చుక్క మిగలకుండా కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకుండా మడిచారంటే బూజు ఖాయం. వెనక అద్దానికి బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ ఉంటుంది, దాన్ని తడి గుడ్డతో తప్ప ముట్టకూడదు. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు దగ్గరికి కూడా రానివ్వకూడదు. ఆ రోజు మెరుస్తుంది, ఆ మెరుపు రెక్సిన్ లోపలి మెత్తదనాన్ని తినేసి వచ్చిన మెరుపు, తరవాత పెళుసై పగులుతుంది. కావాలంటే నీళ్ళలాంటి పైపూత ఒకటి దొరుకుతుంది, పలచగా రాసి మిగిలింది తుడిచేయాలి. పైన పొడి గుడ్డ కవరు. అంతే. ఇంతే పని. ఒక పూట పని. ఒక గోడ నీడ, ఒక బకెట్టు నీళ్ళు. దీనికి బదులు మా అత్త జీవితం పెట్టారు.

అడగమన్నది కదా, అడిగాను. కోడలికి పిల్లలు పుట్టి, ఆ ఇంటి తాళాలు ఆమె చేతికి వచ్చాక మొదలుపెట్టాను. మొదట పెద్దాయన్నే అడిగాను, ఆయన మంచం పట్టిన రోజుల్లో. ఆయన పైకప్పు చూస్తూ, "మీ అత్తే ఒప్పుకొనింది గదరా" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి, ఎవరైనా ఒక బీదమనిషి తప్పు ఒప్పుకున్నాడని వింటే నేను వెంటనే ఇంకొకటి అడుగుతాను, ఒప్పుకోకపోతే ఎవరి మీదికి పోయేదని. పంచాయితీలో అడిగాను, పోలీస్ స్టేషన్ బయట అడిగాను, నా సొంత ఇంట్లో నా కోడళ్ళ గొడవల్లో అడిగాను. చాలామందికి నా మీద విసుగు. ఉండనీ.

పెద్దాయన పోయాక కొడుకును అడిగాను. వాడు నా బెంచీవాడు, చూసినవాడు. చిక్కబళ్ళాపురం ఆఫీసులో పొలం పహణి కాగితం కోసం క్యూలో నిలబడి ఉంటే అడిగాను. నవ్వి భుజం తట్టాడు. బాగేపల్లిలో ఒక పెళ్ళి పందిట్లో అడిగాను. ఎప్పటి మాటో ఇప్పుడెందుకప్పా, భోంచేద్దాం రా అన్నాడు. బస్సులో పక్క సీట్లో కూర్చొని అడిగాను. జ్ఞాపకం లేదన్నాడు. జ్ఞాపకం లేనివాడు తరవాతి స్టాపులోనే దిగిపోయాడు, వాడు దిగవలసిన ఊరు ఇంకా చాలా దూరం. ఆ దిగడమే నాకు సగం బదులు. మిగతా సగం కోసం బతికి ఉన్నాననుకోండి.

మొన్న ఎండాకాలం ముందు వాడి మనవడు మా అంగడికి వచ్చాడు. నేను సొంతంగా పెట్టుకున్న ఆ అంగడిని ఇప్పుడు మా కొడుకు చూసుకుంటాడు, నేను గడప దగ్గర కుర్చీలో కూర్చొని తప్పులు పడతాను. ఆ పిల్లవాడు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడట. తాతల కాలం నాటి కారును షెడ్డులోంచి తీసి బాగుచేయిస్తున్నాడు. కొత్త వినైల్ టాపు వేయించాలి. మంచి పిల్లవాడు, నాతో అప్పా, తాతా అని ఒద్దికగా మాట్లాడాడు. మా వాడు టాపు కుట్టి బిగించాడు. దాన్ని ఎట్లా చూసుకోవాలో నేనే చూపిస్తానన్నాను. గోడ నీడకు నెట్టించి, కుర్చీ అక్కడికి వేయించుకొని, బ్రష్షు నా చేత్తో పట్టుకొని ఒక పక్క కడిగి చూపించాను. అంతలో ఆటో దిగి వాడు వచ్చాడు, నా బెంచీవాడు. కట్టె పట్టుకొని, ఒళ్ళంతా వంగిపోయి. కొత్త టాపు చూసుకుందామని వచ్చాడు.

మనవడు నన్ను అడిగాడు, పాత రోజుల్లో దీన్ని దేనితో శుభ్రం చేసేవాళ్ళని. నేను చెప్పాను. తడి పట్టాలు, చీమలు, చెనిక్కాయ మందు, కిరసనాయిలు, ఆకు కుప్ప, పురుగులు, అరుగు మీద ప్రశ్న, నా చెంప. ఎవరి పేరూ దాచలేదు, ఎవరినీ తిట్టలేదు. పిల్లవాడి మొహం పాలిపోయింది. వాడు తాత వైపు తిరిగాడు. నేను కూడా తిరిగాను. ఇన్నేళ్ళూ అడిగినట్టే అడిగాను. "పట్టాలు ఎవురు తెచ్చిందప్పా?"

వాడు కట్టె గోడకు ఆనించి, నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆ మోకాళ్ళతో మళ్ళీ లేవలేడని తెలిసీ కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

"మనమే తెచ్చింది. నాయనే తెమ్మన్నె. ఆ పొద్దే ఆయనకు తెలుసప్పా. మీరంతా పోయినంక ఆ పట్టాలన్నీ దొడ్లో కుప్పేపించి కాల్పించినాడు. మీ అత్తను వెనక్కి పిలిపించి, ఆమె చేతనే అగ్గి పెట్టించినాడు. నేను ఆడనే ఉండా."